జలుబుకు మిరియాలు, దగ్గుకు అడ్డసరం... మరి ఆయాసానికి?

దీపావళి దాటిందంటే మోవాలో ప్రతి వంటింటి పొయ్యి మీదా ఏదో ఒకటి మరుగుతూనే ఉంటుంది. హిందీవాళ్ల ఇళ్లలో తులసి, అల్లం, లవంగాల కాఢా. ఛత్తీస్‌గఢీ ఇళ్లలో దానికి తోడు భుయినీమ్ చేదు. మన ఇళ్లలో మిరియాల చారు, శొంఠి కషాయం, వాము వేసిన ఆవిరి. రాయపూర్‌కు ఈశాన్యంగా, పాత విధానసభకు పోయే దారిలో ఉంది ఈ పేట. ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలు, వాటి నిండా స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు. గాలి అటునుంచి తిరిగిన రోజున డాబా మీద ఆరబెట్టిన వడియాలను తిరగేస్తే వేళ్లకు నల్లటి మసి అంటుతుంది. వరికోతలయ్యాక పొలాల్లో తగలబెట్టే గడ్డి పొగ ఒకటి, ఆ పొగను పైకి పోనివ్వని చలిగాలి ఒకటి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలోకి ఈ రాష్ట్రం నుంచి రాయపూర్, భిలాయి, కోర్బా ఎక్కాయి. ఇక్కడ దగ్గు ఒకరిద్దరి సొంత గొడవ కాదు, ఊరుమ్మడి వ్యవహారం.

విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ లైను పట్టుకుని కొందరు, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం పేరు చెప్పుకుని ఇంకొందరు తెలుగువాళ్లు ఇటు వచ్చారు. పెట్టెబేడాతో పాటు చిట్కాలనూ తెచ్చుకున్నారు. వచ్చి చూస్తే ఇక్కడి అడవిలో ఉన్నవీ అవే మందులు. కరక్కాయను హర్రా అంటారు, తానికాయను బహేడా అంటారు, నేలవేము భుయినీమ్, తిప్పతీగ గిలోయ్. రాష్ట్ర లఘు వనోపజ సమాఖ్య వీటిని మద్దతు ధరకు కొని, ‘ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్’ పేరుతో సంజీవని దుకాణాల్లో అమ్మిస్తోంది. కాబట్టి సరుకుకు కొదవలేదు. ఏ సరుకు దేనికి పనికొస్తుందన్న లెక్కే ఎవరూ సరిగ్గా వేయరు.

ఈ ఆకులూ కషాయాలూ పనిచేస్తాయా అని అడిగేవాళ్లకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ముక్కు కారడం, దగ్గడం, ఊపిరాడకపోవడం మూడూ వేరువేరు బాధలు. మూడింటినీ ఒకే మూటలో కట్టి ‘సర్దీ ఖాసీ’ అనేయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. మొదటిదానికి వంటిల్లు చాలు. రెండోదానికి వంటిల్లు కొంత సాయం చేస్తుంది, కొన్నాళ్లు. మూడోదాని విషయంలో ఆకులు చేయగలిగిన పని ఎప్పుడో చేసేశాయి. ఆ పని ఫలితమే ఇవాళ మందుల షాపులో దొరికే ఇన్‌హేలర్లలో సగం కథ. ఆ సంగతి తెలియక ఆయాసపడే మనిషిని మళ్లీ ఆకు దగ్గరికే తీసుకెళ్లడం మన ఇళ్లలో జరుగుతున్న పెద్ద పొరపాటు.

జలుబు సంగతి తేలిక. పడిశం పది రోగాల పెట్టు అన్నారు గానీ, ఆ పడిశానికి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అన్న వేళాకోళమే వైద్యానికి దగ్గరగా ఉంది. రెండు వందలకు పైగా వైరస్‌లు తెచ్చే వ్యాధి అది. ఏ కషాయమూ వాటిని చంపదు, ఏ యాంటీబయాటిక్కూ చంపదు. ఆ వారం రోజులు కాస్త హాయిగా గడిపించడమే మందు చేయగల పని, ఆ పనిలో మన పెద్దవాళ్లది అందెవేసిన చేయి.

శొంఠి లేని కషాయం లేదన్న సామెతను ప్రభుత్వం కూడా పాటించింది. కొవిడ్ మొదలైన 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రకటించిన ఆయుష్ క్వాథంలో తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. మూడు గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు. మన ఇళ్లలో చేసేది దీనికంటే ఘాటుగా ఉంటుంది. మిరియాలను ఇనుప గరిటెలో చిటపటలాడే దాకా దోరగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, శొంఠి కొమ్మును చితక్కొట్టి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగిస్తారు. దించేముందు బెల్లం. పొడి మరీ మెత్తగా ఉంటే అడుగున మడ్డి చేరి గొంతులో గరగరలాడుతుందని పెద్దవాళ్లు కోప్పడతారు. తాగీ తాగగానే ముక్కు వదులైనట్టు, నుదుటి మీద చెమట పట్టినట్టు అనిపిస్తుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు మీదే పనిచేసే కేంద్రం ఒకటుండేది. అక్కడ 2008లో 30 మంది జలుబు మనుషులకు ఒకే పళ్లరసాన్ని కొందరికి వేడిగా, కొందరికి మామూలుగా ఇచ్చి చూశారు. యంత్రంతో కొలిస్తే ముక్కులో గాలి రాకపోకలు ఎవరికీ పెరగలేదు. కానీ వేడిది తాగినవాళ్లకు గొంతు నొప్పి, వణుకు, నీరసం కూడా అక్కడికక్కడే తగ్గినట్టనిపించింది. అంటే వేడీ, రుచీ తమ వంతు పని చేస్తున్నాయి. మిరియాలకూ శొంఠికీ దక్కే పేరులో సగం వేణ్నీళ్లది.

బామ్‌ల సంగతీ అంతే. రాసుకోగానే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది. మెంథాల్ ముక్కును తెరవదు, ముక్కులోని చల్లదనం తెలిసే నరాలను తట్టి లేపుతుంది. గాలి అంతే వస్తుంది, వస్తున్నట్టు బాగా తెలుస్తుంది. ఇదీ కార్డిఫ్‌లోనే తేలింది. ఈ చిన్న మాయ మీద తెలుగువాళ్లకు ఒక పత్రికే దక్కింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, కచేరీలలో ఉచితంగా పంచి అలవాటు చేసి, ఆ డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో అది మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. తలనొప్పి డబ్బాల సొమ్ము ఇంత మంచి పనికి పోయిన సందర్భం మరొకటి ఉందేమో నాకు తెలియదు.

అయితే బామ్‌లలోని కర్పూరం విషయంలో మాత్రం మొహమాటపడకూడదు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిపిల్లల గుండెకూ, ముక్కు దగ్గరా రాయడం రాయపూర్ తెలుగిళ్లలోనూ ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ బామ్‌లు వాడొద్దని డబ్బాల మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. ఒంటికి రాసింది నాకినా, ముక్కులో పెట్టినా కొంత లోపలికి పోవచ్చు. వాము మూట వేడి చేసి దూరంగా వాసన చూపించడంలో అంత ముప్పు లేదు, మూట చెయ్యి కాలేంత వేడిగా లేకపోతే చాలు.

ఆవిరి గురించి చెబితే చాలామందికి కోపం వస్తుంది. వేడి తేమ గాలి జలుబును తగ్గిస్తుందా అని జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో గట్టి లాభం ఏదీ తేలలేదు. ఉన్న నష్టం మాత్రం ఏ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులోనైనా కనిపిస్తుంది: దుప్పటి కింద పిల్లాడు, ఒళ్లో మరిగే నీళ్ల గిన్నె. పెద్దవాళ్లు బల్ల మీద గిన్నె పెట్టుకుని పట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, హాయిగానే ఉంటుంది. పిల్లలకు వద్దు. తలంటి తర్వాత పసివాళ్లకు వేసే సాంబ్రాణి పొగ ఇంకా దారుణం. ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్న పిల్లను మూసిన గదిలో పొగలో పెట్టి, ఆ పిల్లకు దగ్గు ఎందుకొచ్చిందని అడుగుతాం. ఆ జాతి బంకల్లోనే ఒకటైన అందుగు చెట్టు బంకను, ఇక్కడి అడవుల్లో సలై అంటారు, మాత్రగా ఇస్తే ఉబ్బసం వాళ్లలో కొంత గుణం కనిపించిందని 1998లో ఒక చిన్న పరీక్ష చెప్పింది. 40 మందికి ఆరు వారాలిచ్చారు. పొగగా చేటు చేసేది మాత్రగా మేలు చేయొచ్చునన్న మాట. ఇంత చిన్న పరీక్షను పట్టుకుని మందు రాయడానికి మాత్రం లేదు.

జలుబు పోతుంది, దగ్గు మిగులుతుంది. చిట్కాలకూ, వైద్యులకూ, బాబాలకూ పేరు తెచ్చేది ఈ మిగిలిన దగ్గే. ఎలాగంటే, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2013లో ఒక పని చేశారు. మామూలు దగ్గు ఎన్నాళ్లుంటుందని జనాన్ని అడిగితే ఏడు నుంచి తొమ్మిది రోజులన్నారు. వైద్య పరిశోధనల్లో నమోదైన దగ్గుల సగటు తీస్తే దాదాపు 18 రోజులు తేలింది. అంటే తొమ్మిదో రోజుకు ఓపిక పోయి ఎవరి దగ్గరికి పరిగెత్తితే, ఏది మింగితే, పద్దెనిమిదో రోజున ఆ ఘనత దానికే పోతుంది. నాలుగు రకాలు మార్చి చూస్తే నాలుగోది గొప్ప మందవుతుంది. ఈ ఒక్క అంకె తెలిసుంటే రాయపూర్‌లో సగం యాంటీబయాటిక్కులు అమ్ముడుపోవు. నా వదినగారొకావిడ పన్నెండో రోజున తాగిన తమలపాకు రసాన్ని ఇప్పటికీ ఊరందరికీ చెబుతుంది, చెప్పనీ. తమలపాకు ఎవరికీ హాని చేయలేదు.

ఈ పద్దెనిమిది రోజుల్లో నిజంగా సాయపడేవాటిలో తేనెదే పైచేయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2007లో 105 మంది పిల్లల మీద పరీక్షిస్తే, పడుకునే ముందు ఇచ్చిన తేనె వల్ల రాత్రి దగ్గు తగ్గింది, నిద్ర పట్టింది. 2018 నాటి కాక్రేన్ సమీక్ష ఆరు పరీక్షలు, 899 మంది పిల్లలను కలిపి చూసి, ఏమీ ఇవ్వకపోవడం కంటే తేనె మేలేనంది. దుకాణంలో దొరికే దగ్గు సిరప్‌కు అది తీసిపోలేదు. మిరియాల పొడిలో తేనె రంగరించి నాకించిన నాయనమ్మలు గెలిచారన్నమాట. ఒక్క షరతు ఉంది. ఏడాది నిండని పిల్లకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరిచే జబ్బు తెస్తాయి. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం ఉన్నవాళ్లు ఈ మాట వినిపించుకోవాలి.

సిరప్‌ల మాట వచ్చింది కాబట్టి, 2022లో గాంబియాలో డెబ్బై మంది దాకా, 2025లో పొరుగునే ఉన్న మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లలు దగ్గు మందు తాగి చనిపోయారు. డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావణి కలిసిన సిరప్‌లవి, మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ వార్తల తర్వాత మా పేటలో చాలామంది ‘ఆయుర్వేదిక్’ అని రాసిన సీసాల వైపు మళ్లారు. సీసా మీద ఆకుపచ్చ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ద్రావణి మంచిదని ఎవరూ పూచీ ఇవ్వలేరు, కనీసం తయారీదారు పేరూ, లైసెన్సు అంకే చూసుకోవాలి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జోడీని నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. చిన్నపిల్లల జలుబుకు సీసా అక్కర్లేదని తేల్చినట్టే.

ఇక అడ్డసరం. దగ్గుకు దాన్ని మించింది లేదని మన వైద్యం చెబుతుంది, ఈ విషయంలో ఆధునిక వైద్యమూ దానికి రుణపడి ఉంది. మద్రాసు ప్రభుత్వం తరఫున నీలగిరుల్లో సింకోనా చూసుకునే రసాయన శాస్త్రవేత్త డేవిడ్ హూపర్ 1888లో ఈ ఆకు నుంచి వాసిసిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. దాన్ని నమూనాగా పెట్టుకుని ఒక జర్మన్ కంపెనీ బ్రోమ్‌హెక్సిన్ చేసింది, 1963లో బజారులోకి వచ్చింది. బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లో విరిగి అయ్యేదే ఆంబ్రోక్సాల్. ఇవాళ మోవాలో మందుల షాపుకు పోయి కఫం తెగే సిరప్ అడిగితే ఇచ్చే సీసాల్లో ఎక్కువ వాటి మీద ఈ రెండు పేర్లలో ఒకటి ఉంటుంది. ఆకును పసరు పిండుకుని తాగినా, సీసా కొనుక్కున్నా చుట్టాలమే. ఆ చుట్టరికాన్ని పెద్దది చేసి చెప్పుకోనక్కర్లేదు కూడా, కఫం పలచబరచడంలో ఈ మందుల బలం ఓ మోస్తరే. అడ్డసరం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి గర్భిణులు దాని జోలికి పోకూడదు. ‘ఆకే కదా’ అన్న ధీమాకు జవాబుగా ఇది ఒక్కటి చాలు.

కరక్కాయ, తానికాయ బుగ్గన పెట్టుకోవడం మన పద్యనాటకాల నటులకు తెలిసిన విద్య. వగరు గొంతును బిగబడుతుంది, ఉమ్మి ఊరుతుంది, ఆ ఉమ్మి మింగుతున్నంతసేపూ గొంతు గరగర ఆగుతుంది. దీనికి పరీక్షలేవీ నాకు అక్కర్లేదు, నష్టమూ లేదు. అతిమధురం నమిలేవాళ్లు మాత్రం వారం, పది రోజులకు మించకూడదు. అందులోని గ్లైసిరైజిన్ రక్తపోటు పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లే ఎక్కువగా దాన్ని బుగ్గన పెడతారు, అదే చిక్కు.

బస్తర్ అడవుల నుంచి కట్టలు కట్టలుగా వచ్చే నేలవేముకు లెక్కలు కాస్త మెరుగ్గా ఉన్నాయి. 2017లో 33 పరీక్షలను, 7,175 మందిని కలిపి చూసిన సమీక్షలో దగ్గు, గొంతు నొప్పి తగ్గించడంలో ఇది మేలు చేసినట్టు కనిపించింది. ఆ పరీక్షల్లో చాలావాటికి నాణ్యత అంతంత మాత్రమేనని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ దీనివల్ల కొందరికి తీవ్రమైన అలెర్జీలు వచ్చాయని హెచ్చరించింది. ఐరోపా, అమెరికా వాళ్లు వెర్రిగా కొనే ఎకినేసియా పరిస్థితి దీనికన్నా హీనం. 24 పరీక్షలు చూసిన కాక్రేన్ 2014 సమీక్షకు దాని వల్ల జలుబు తగ్గుతుందన్న గట్టి రుజువు దొరకలేదు. పిచ్చి మనదొక్కరిదే కాదు.

దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం కషాయం గిన్నె దించేసి కఫం పరీక్ష చేయించాలి. పద్దెనిమిది రోజుల దగ్గు మామూలేనని ఇంతకుముందు నేనే చెప్పాను, ఇదీ నేనే చెబుతున్నాను. చాలా దగ్గులు వాటంతటవే పోతాయి, పోనివాటిలో క్షయ ఉంటుంది, రెండింటినీ చెవితో విని తేల్చగలిగినవాడు లేడు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. పిల్లలైతే దగ్గు కంటే ఊపిరిని చూడాలి. నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు పిల్లకు 40 శ్వాసలు దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా అది చిట్కాల వేళ కాదు.

మూడోది ఆయాసం. ఉబ్బసం, దమా, పిల్లికూతలు, ఏ పేరుతో పిలిచినా ఊపిరి గొట్టాలు వాచి ముడుచుకుపోవడమే. ఈ జబ్బుకు ఒక విచిత్ర గుణం ఉంది. వస్తుంది, పోతుంది. కాలం మారితే రేగుతుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. ఆ గుణమే దాని చుట్టూ ఉత్సవాలు కట్టించింది.

హైదరాబాద్‌లో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున, జూన్ మొదటి పక్షంలో, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం చేప మందు ఇస్తుంది. రెండు మూడు అంగుళాల బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి, దాన్ని మనిషి గొంతులోకి జార్చడమే మందు. 1845 నుంచి తమ ఇంట ఉందని వాళ్లు చెబుతారు. వరసగా మూడేళ్లు తీసుకోవాలి, 45 రోజులు పథ్యం ఉండాలి. శాకాహారులకు బెల్లంతో. మత్స్యశాఖ చేపలు సరఫరా చేస్తుంది, పోలీసులు బందోబస్తు చూస్తారు. హేతువాద సంఘాలు కోర్టుల దాకా లాగాక, మందు పేరు పోయి ‘చేప ప్రసాదం’ మిగిలింది. ఛత్తీస్‌గఢ్ నుంచీ రైళ్లలో వెళ్లేవాళ్లున్నారు. వెళ్లలేనివాళ్లకు ఇటు మధ్య భారతంలో శరత్ పూర్ణిమ ఉంది. చిత్రకూటంలోనూ, ఇంకా ఎన్నోచోట్ల ఆ రాత్రి వెన్నెల్లో పెట్టిన పాయసంలో మూలికల పొడి కలిపి దమా వాళ్లకు తినిపిస్తారు, తెల్లవార్లూ మేలుకుని ఉండమంటారు. ఒకటి వానలు మొదలయ్యేటప్పుడు, ఇంకోటి వానలు వెనకబట్టి చలి మొదలయ్యేటప్పుడు. ఉబ్బసం రేగే కాలాలు ఆ రెండూ. రేగినప్పుడు మందు మింగితే, రేగినది అణగడమే మిగిలింది. ముద్దలో ఏముందో కుటుంబం చెప్పదు, చెప్పనంతకాలం పరీక్షించడం కుదరదు. వేలమంది వస్తున్నారన్న మాటకు నేను ఒకటే అంటాను. మూడేళ్లు తప్పక రావలసిన చోటికి వేలమంది రాక ఏమవుతారు? 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకు కట్టిన వరసల్లోనూ ఇదే ఆశ, ఇదే ఊపిరి భయం. ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇవ్వొచ్చంది, హాని లేదన్న ఒక్క కారణంతో.

రహస్యం లేని ఆకును ఎలా పరీక్షించాలో చూపిన కథ ఇంకోటుంది. మేకమేయని ఆకు అని మన చేలగట్ల మీద పాకే తీగ. పేరే చెబుతోంది, మేక కూడా ముట్టదు. ఢిల్లీలో వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థకు చెందిన డాక్టర్ శివపురి 1960ల చివర్లో దీన్ని పట్టుకున్నాడు. రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించాడు. 110 మంది మీద 1969లో వెలువడిన పరీక్షలో ఆకు తిన్నవాళ్లకు ఉత్తుత్తి ఆకు తిన్నవాళ్ల కంటే స్పష్టంగా మేలు కనిపించింది. నోరు పూసింది, కొందరికి వాంతులయ్యాయి, ఉప్పు రుచి పోయింది. అంటే ఎవరు అసలు ఆకు తిన్నారో తిన్నవాళ్లకు తెలిసిపోయినట్టే, రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరగాల్సిన పరీక్ష అక్కడే దెబ్బతింది. పదేళ్ల తర్వాత, 1979లో, వేరేవాళ్లు జాగ్రత్తగా చేసిన పరీక్షలో తేడా ఏమీ లేదు. ఆ ఆకు కథ అక్కడితో సన్నగిల్లింది. మన దేశంలో ఒక ఆకును ఇంత నిజాయితీగా నిలబెట్టి, ఇంత నిజాయితీగా పడగొట్టిన సందర్భాలు తక్కువ. శివపురిని ఈ విషయంలో మెచ్చుకోవాలి, ఆయన తన ఆకును దాచుకోలేదు.

నిలబడ్డవి ఏమయ్యాయంటే ఇన్‌హేలర్లోకి పోయాయి. ఉమ్మెత్త చూడండి. ఎండిన ఉమ్మెత్తను చుట్టలా కాల్చి ఉబ్బసానికి పొగ పీల్చడం దక్షిణాదిలో ఉండేది. మద్రాసులో కంపెనీ వైద్యాధిపతి జేమ్స్ ఆండర్సన్ దీన్ని చూసి మెచ్చాడు. ఆయన నుంచి నేర్చుకున్న జనరల్ జెంట్ ద్వారా 1802 ప్రాంతంలో బ్రిటన్‌కు చేరింది. తర్వాత నూటయాభై ఏళ్లు ఐరోపా, అమెరికాల్లో ‘ఆస్తమా సిగరెట్లు’ అమ్మారు. అందులోని అట్రోపిన్ ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, మోతాదు పెరిగితే పిచ్చెక్కిస్తుంది. పిచ్చి లేకుండా మేలు మాత్రం మిగిలేలా దాన్ని మలిచి 1970లలో ఇప్రాట్రోపియం చేశారు, ఆ తర్వాత టియోట్రోపియం వచ్చింది. ఇవాళ పొగతాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లకు రాసే ఇన్‌హేలర్లలో అవి ఉన్నాయి. ఉమ్మెత్త మొక్కంతా వేసి చేసే కనకాసవం ఇంకా ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతుంది. అట్రోపిన్ ఎంతుందో సీసా మీద ఉండదు. ఒకే ఆకు, ఒకచోట మైక్రోగ్రాముల్లో కొలిచి, ఇంకోచోట మూత కొలతతో. ఏది ఎంచుకోవాలో నాకు అనుమానం లేదు.

చైనా వాళ్ల మూలిక మా హువాంగ్ నుంచి జపాన్ శాస్త్రవేత్త నగాయ్ 1885లో ఎఫెడ్రిన్ తీశాడు, 1920లలో అది ఉబ్బసం మందయింది. టీ ఆకులో 1888లో దొరికిన థియోఫిలిన్ మన డెరిఫిలిన్ మాత్రల్లో ఉంది. ఈజిప్టు ఖెల్లా గింజల నుంచి క్రోమోలిన్ పుట్టించిన రోజర్ ఆల్టున్యాన్ తనకున్న ఉబ్బసాన్నే ప్రయోగశాల చేసుకున్నాడు. గినీపందుల చుండు కలిపిన నీళ్ల తుంపర పీల్చి ఆయాసం తెప్పించుకోవడం, తర్వాత ఒక్కో మందూ పీల్చి చూసుకోవడం, ఏళ్లపాటు అదే పని. 1965లో ఒకటి పనిచేసింది.

ఇన్ని ఆకులు ఇంత దూరం ప్రయాణం చేసినా, మోవాలోనూ మచిలీపట్నంలోనూ వినిపించే మాట ఒకటే: ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుందట.’ ఈ ఒక్క ‘అట’ ఎంతమందిని పొట్టనపెట్టుకుందో చెప్పలేం. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో 13 శాతం మన దేశంలో ఉంటే, ఉబ్బసం చావుల్లో 42 శాతం దాకా మనవేనని అంతర్జాతీయ అంచనా. రోగం ఇక్కడ ఎక్కువ కాదు, సరైన మందు పీల్చడం తక్కువ. వాపును తగ్గించే స్టెరాయిడ్‌ను మైక్రోగ్రాముల్లో నేరుగా గొట్టాల్లోకి పంపడం ఇన్‌హేలర్ పని. మాత్రగా మింగితే దానికి ఎన్నో రెట్లు ఒంట్లోకి పోతుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ పీల్చి సరిపెట్టుకోవద్దని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలే మారాయి, వాపు మందు కూడా ఉండాలంటున్నాయి. ‘దమాకు శాశ్వత వైద్యం’ అని రాయపూర్ గోడల మీద రాసేవాళ్లు ఉన్నారు. ఉబ్బసాన్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల్లోని జె షెడ్యూలు ఎప్పుడో చెప్పింది. గోడలకు నిబంధనలు తెలియవు.

మూలికలు వాడుతూ, ఇన్‌హేలర్ కూడా వాడేవాళ్ల విషయంలో రెండు మూడు మాటలు. పిప్పళ్లు, మిరియాల్లోని పిపెరిన్ మందులను రక్తంలో ఎక్కువసేపు నిలిపి ఉంచుతుంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో పసుపులోని కర్క్యుమిన్‌కు దీన్ని జోడిస్తే అది ఇరవై రెట్లు ఒంటబట్టిందని చూపారు. అదే పిపెరిన్ థియోఫిలిన్ మోతాదునూ రక్తంలో పెంచుతుంది, అది ఎక్కువైతే గుండె దడ, వాంతులు. చారులో మిరియాలకు భయం లేదు. డెరిఫిలిన్ వేసుకునే మనిషి పిపెరిన్ మాత్రలు మింగితే భయమే. ‘రసం’ అన్న మాటతో అంతమయ్యే మందుల్లో పాదరసం ఉంటుంది. శ్వాసకుఠార రసంలో దానికి తోడు మణిశిల, అంటే ఆర్సెనిక్, వత్సనాభి కూడా ఉంటాయి. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నాయని 2004లో పరీక్ష చేసి చెప్పారు. తిప్పతీగ మీద కొవిడ్ కాలంలో మోజు పెరిగాక, మన దేశంలోని 13 ఆసుపత్రుల్లో 43 మందికి కాలేయం దెబ్బతిన్న కేసులు 2022లో ప్రచురితమయ్యాయి. ఆయుష్ వాళ్లు దాన్ని పోలిన వేరే తీగ కలిసి ఉంటుందన్నారు. అదే నిజమైతే ఇంకా చెడ్డ సంగతి, అమ్మేవాడికీ తేడా తెలియదన్నమాట. సితోపలాది చూర్ణంలో పడాల్సిన వెదురుప్పుకు బదులు కృత్రిమ సిలికా పడుతోంది. తాలీసపత్రం పేరుతో విషపూరితమైన టాక్సస్ ఆకులు అమ్ముతారు.

పిల్లికూతలన్నీ ఉబ్బసమూ కావు. బోదకాలు పురుగులున్న ప్రాంతాల్లో రాత్రిపూట పొడిదగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరగడం ఒక ప్రత్యేక జబ్బు. కోస్తాంధ్ర దానికి పెట్టింది పేరు, ఛత్తీస్‌గఢ్‌లోనూ బోదకాలు జిల్లాలున్నాయి. ఉబ్బసమని ఏళ్లు గడిపేస్తారు, డైఇథైల్ కార్బమజీన్ మూడు వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. 1940లలో ఆ మందు పుట్టిన అమెరికా ప్రయోగశాలకు పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పేవాడు. ఆయుర్వేదం చదివే పిల్లలకు శవచ్ఛేదం నేర్పిన మనిషి ఊపిరితిత్తులకు అంత పనికొచ్చే మందు తీశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆకునైనా మాత్రనైనా లోపలికి చూడకుండా ఒప్పుకోని బుద్ధి అది.

రాయపూర్‌కు ఆ అవకాశం దగ్గరలోనే ఉంది. జీ.ఈ. రోడ్డు మీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అదే రోడ్డు పట్టుకుని టాటిబంధ్ దాకా వెళితే 2012లో మొదలైన ఎయిమ్స్ ఉంది. ఒకరికి అడ్డసరం పసరు తయారీ తెలుసు, ఇంకొకరికి కఫం పరీక్ష, ఊపిరి కొలిచే యంత్రం, లెక్కలు కట్టే మనుషులు ఉన్నారు. క్షయ, ఉబ్బసం, గర్భం లేవని తేల్చుకున్న వాళ్లను తీసుకుని, సగం మందికి అడ్డసరం, సగం మందికి అదే చేదు, అదే రంగు ఉన్న ఉత్త పాకం ఇచ్చి, ఎవరికి ఏదిచ్చారో ఇచ్చినవాళ్లకూ తెలియకుండా, పద్దెనిమిది రోజులు దగ్గు లెక్కపెడితే చాలు. పెద్ద ఖర్చు లేదు. దగ్గేవాళ్లకైతే డిసెంబరులో ఈ ఊళ్లో కొదవే ఉండదు.